హెచ్‌-1బి తిరస్కరించారు... లాయర్ ఫీజుకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమెరికాలో మా అబ్బాయి హెచ్‌-1బి ఎక్స్‌టెన్షన్‌ను పది రోజుల కిందట తిరస్కరించారు. అక్కడ ఉండేందుకు ఇచ్చిన పాత గడువు అప్పటికే ముగిసింది. మోషన్ (నిర్ణయాన్ని మళ్లీ చూడమని వేసే అర్జీ) వేయాలంటే లాయర్ ఖర్చు మీదేనని వాడు పనిచేసే కన్సల్టెన్సీ 6 లక్షలు అడుగుతోంది. నా రిటైర్మెంట్ డబ్బు 25 లక్షలు ఎఫ్‌డీలో ఉంది. బ్రేక్ చేయమంటారా?

జవాబు: వద్దండీ. ముందు ఆ డబ్బు మీరు కట్టాల్సిందేనా అన్నది తేల్చుకోండి. ఎక్స్‌టెన్షన్ పిటిషన్ వేసింది ఆ కన్సల్టెన్సీ కంపెనీ. కాబట్టి ఐ-290బి ఫారంపై సంతకం పెట్టి మోషన్ వేయాల్సిందీ మామూలుగా కంపెనీయే. హెచ్‌-1బి పిటిషన్ లాయర్ ఫీజును అక్కడి కార్మిక శాఖ నిబంధనలు యజమాని వ్యాపార ఖర్చుగానే చూస్తాయి. ప్రభుత్వానికి కట్టే ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 800 డాలర్లు, సుమారు 70 వేల రూపాయలు. మిగతాదంతా దేనికో రాసిమ్మని అబ్బాయి చేత అడిగించండి.

తర్వాత డినయల్ (తిరస్కరణ) నోటీసు చదవాలి. క్లయింట్ లెటర్ (పని చేయించుకునే సంస్థ ఇచ్చే లేఖ) సరిపోలేదనో, ఆ ఉద్యోగం స్పెషాలిటీ ఆక్యుపేషన్ (ప్రత్యేక డిగ్రీ తప్పనిసరైన పని) కాదనో కారణం అందులోనే ఉంటుంది. కొత్త ఆధారం చూపగలిగితే రీఓపెన్ మోషన్. ఉన్న కాగితాల మీదే అధికారి చట్టాన్ని తప్పుగా అన్వయించారని చూపగలిగితే రీకన్సిడర్ మోషన్. రెండూ కలిపి కూడా వేయవచ్చు. ఈ రెంటిలో ఏదీ చూపలేకపోతే మాత్రం 6 లక్షలూ నీళ్లపాలే. మోషన్ వేయడానికి గడువు నిర్ణయం తేదీ నుంచి 30 రోజులు, నోటీసు పోస్టులో పంపితే 33. అందులో పది అయిపోయాయి.

నాకు అసలు భయం ఫీజు గురించి కాదు. మోషన్ వేసినంత మాత్రాన తిరస్కరణ ఆగదు. అబ్బాయి పని చేయకూడదు, జీతం రాదు. ఉండే పాత గడువు ముగిసింది కనుక తిరస్కరణ మర్నాటి నుంచే అక్రమ నివాసం లెక్కలోకి వస్తుంది. 180 రోజులు దాటాక బయటికొస్తే 3 ఏళ్లు, ఏడాది నిండితే 10 ఏళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. అలాగని హడావిడిగా విమానం ఎక్కించేయనూ కూడదు. బయటికొచ్చాక కొత్త పిటిషన్ వేస్తే, 2025 సెప్టెంబర్‌లో తెచ్చిన లక్ష డాలర్ల ఫీజు మీద పడే ప్రమాదం ఉంది. అందుకే కంపెనీతో సంబంధం లేని ఇమిగ్రేషన్ లాయర్‌తో ఈ వారంలోనే ఒక గంట మాట్లాడమనండి. ఆ కన్సల్టేషన్ ఫీజు మాత్రం వెనకాడకుండా మీరే ఇవ్వండి.

అద్దె, తిండి, టికెట్ కోసం మూడు నెలల ఖర్చు సిద్ధంగా ఉంచండి. దానికి ఎఫ్‌డీ బ్రేక్ చేయక్కర్లేదు, దానిమీదే ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీకన్నా 1-2 శాతమే ఎక్కువ, అదీ వాడుకున్న మొత్తానికే. ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపేది మొత్తం 10 లక్షలు దాటకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) ఉండదు. కొడుక్కి ఇచ్చే డబ్బుకు ఇక్కడ గిఫ్ట్ పన్నూ లేదు. పంపేది మీ ఖాతా నుంచి నేరుగా అబ్బాయి ఖాతాకే పంపండి. కన్సల్టెన్సీ తరఫున ఇక్కడ ఎవరొచ్చి అడిగినా చేతికి నగదు ఇవ్వకండి.