రెన్యువల్ కాగితంలో కొత్తగా అలారం కండిషన్ పెట్టారు, ఒప్పుకోవాలా?

బరంపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు: "సొంత ఇల్లు, దొంగతనం కవర్‌తో కలిపి ఆరేళ్ళుగా పాలసీ కడుతున్నాం. పోయినేడు 4,800 అయింది, ఈసారి 7,300 అంటున్నారు, పైగా ఇంట్లో బర్గ్లర్ అలారం ఉండాలని కొత్తగా ఒక లైను చేర్చారు. ఏజెంటేమో 'ఉందని టిక్ పెట్టేయండి, ఎవరొచ్చి చూస్తారు, ప్రీమియం కూడా కాస్త తగ్గుద్ది' అంటున్నాడు. ఏడాదిలో రెండు మూడు నెలలు హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరే ఉంటాం. అలారం లేకపోతే క్లెయిమ్ ఎగ్గొడతారా?"

మాస్టారూ, ముందు ఒకటే చెప్తాను, ఆ టిక్ మాత్రం పెట్టకండి. ఎవరూ రారన్నది ఇప్పటి మాట, దొంగతనం జరిగాక నష్టం లెక్కగట్టే సర్వేయర్ కచ్చితంగా వస్తాడు, వచ్చి మొదట గోడ మీద సైరన్ డబ్బా ఎక్కడుందో చూస్తాడు, అది లేకపోతే మీరు అబద్ధం రాసిచ్చి పాలసీ తీసుకున్నారు అనే మాట మీదే మొత్తం క్లెయిమ్ కొట్టేస్తారు, ఆ రోజు ఏజెంట్ ఫోన్ కూడా ఎత్తడు. సంతకం మీది కదా.

రేటు సంగతి అంటారా, దాని మీద పెద్దగా పోరాడలేం. ఇలాంటి పాలసీలకు అందరికీ ఒకటే రేటు ఖరారు చేసే సర్కారు టారిఫ్ 2007 జనవరి 1తోనే పోయింది, ఎవరి రేటు వాళ్ళది, పైన 18 శాతం జీఎస్టీ. అలాగే ఇంటికి అలారం పెట్టుకోవాల్సిందే అని మన దేశంలో ఏ చట్టమూ లేదు, కానీ కంపెనీ దాన్ని కండిషన్‌గా పెట్టి, మీరు ఒప్పుకుని డబ్బు కడితే అది కాంట్రాక్ట్ అయిపోతుంది. ఇక్కడ ఒక తేడా గమనించండి. 2021 డిసెంబర్‌లో జేకబ్ పున్నెన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, రెన్యువల్‌లో షరతులు మారిస్తే పాలసీదారుడికి ముందే తెలియజేయాలి, చెప్పకపోవడం సేవాలోపం అని. అది మెడిక్లెయిమ్ కేసు, కానీ వాదన మనకీ పనికొస్తుంది. అయితే మీకు నోటీసులోనే రాసి పంపారు, మీరు చదివారు కూడా, కాబట్టి తర్వాత "నాకు తెలీదు" అనలేం. అందుకే చేసేదేదో డబ్బు కట్టకముందే చెయ్యాలి.

ఆ లైను ఇంకోసారి చదవండి. "అలారం ఉంటే డిస్కౌంట్" అని ఉందా, "వారంటెడ్" అనే పదంతో మొదలైందా? డిస్కౌంట్ అయితే వద్దని వదిలేయొచ్చు. వారంటెడ్ అంటే మాత్రం అలారం ఉంటే చాలదు, ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతిసారీ ఆన్‌లో ఉండాలి, పనిచెయ్యాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో సైరన్ ఉంది, వైరింగ్ ఉంది, లోపల బ్యాటరీ ఉబ్బిపోయి తుప్పు పట్టి ఉంది, ఎప్పుడు చచ్చిందో ఇంట్లోవాళ్ళకే తెలీదు, ఆ ఒక్క ఫోటో పట్టుకుని కంపెనీ రెండేళ్ళు తిప్పింది, ఆ పెద్దావిడ ప్రతి వాయిదాకీ బస్సులో వచ్చి వరండాలో కూర్చునేది, ఇప్పటికీ కళ్ళముందు ఉంటుంది. మన ఊరికి తుఫాన్లు కొత్త కాదు, 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు ఎన్ని రోజులు లేదో మీకూ తెలుసు, ఏ బ్యాకప్ బ్యాటరీ అన్నాళ్ళు ఆగుద్ది?

కాబట్టి ఒక మెయిల్ రాయండి. మా ఇంటికి గ్రిల్స్ ఉన్నాయి, రెండు తాళాలు ఉన్నాయి, మేం లేనప్పుడు పక్కింటివాళ్ళు చూస్తుంటారు, ఫోటోలు పంపుతున్నాం, అలారం షరతు తీసేసి పాలసీ ఇవ్వండి, తీయకపోతే కరెంటు పోయి అలారం ఆగినప్పుడు కవర్ ఉంటుందో లేదో రాసివ్వండి అని అడగండి. అదే మెయిల్‌లో మీరు ఊళ్ళో ఉండని నెలలు కూడా చెప్పేయండి, ఎందుకంటే చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 రోజులు దాటి ఖాళీగా ఉంటే ముందే చెప్పి ఒప్పించుకోవాలని ఉంటుంది, మీకు అలారం కంటే ఇదే పెద్ద ప్రమాదం. ఫోన్‌లో "పర్లేదు సార్" అంటే నమ్మకండి, రాతలో తీసుకోండి. ఒప్పుకోకపోతే వేరే కంపెనీకి మారండి, కానీ పాతది అయిపోకముందే, ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం చేతిలో పడందే వాళ్ళ మీద బాధ్యత రాదు, మధ్యలో ఒక్క రోజు ఖాళీ వచ్చినా ఆ రోజుకి మీకు రక్షణ లేనట్టే.

మారేటప్పుడు చవగ్గా ఉందని అన్ని కంపెనీలూ అమ్మే మామూలు ఇంటి పాలసీ, ఉత్త భారత్ గృహరక్ష తీసుకుని ఊరుకోకండి. తుఫాను, అగ్నిప్రమాదం లాంటివాటికి అది మంచి పాలసీయే, కానీ మామూలు దొంగతనం అందులో రాదు, పాలసీలో ఉన్న ప్రమాదం ఏదైనా జరిగి, దాని వల్ల 7 రోజుల్లోపు దొంగతనం అయితేనే వస్తుంది. దొంగతనం కవర్ విడిగా తీసుకోవాలి, బంగారానికి కూడా విడిగా రాయించాలి. ఇంకోటి, బర్గ్లరీ అంటే తలుపో గడియో పగలగొట్టి రావాలి, తెరిచున్న తలుపులోంచి వచ్చి పట్టుకుపోతే బర్గ్లరీ పాలసీ కింద రాదని 2004లోనే హర్‌చంద్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రాత్రి వీధంతా బయటే ఉంటారు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళే అలవాటు ఉంటే మానుకోండి.

పొరపాటున ఏదైనా జరిగితే విరిగిన గడియ ముట్టుకోకుండా ఫోటో తీసి, అదే రోజు ఎఫ్ఐఆర్, అదే రోజు కంపెనీకి మెయిల్. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది ఒడియాలో రాస్తారు, మనవాళ్ళు చాలామంది ఒడియా మాట్లాడతారు గానీ గబగబా చదవలేరు, గడియ పగలగొట్టి లోపలికొచ్చారు అనే మాట అందులో పడిందో లేదో ఎవరితోనైనా చదివించుకుని అప్పుడు సంతకం చెయ్యండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, నెలలో తేలకపోతే భువనేశ్వర్‌లో ఇలాంటి ఫిర్యాదులు తీర్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు, 50 లక్షల వరకు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కాకపోతే ఏడాదిలోపు వెళ్ళాలి. లేదంటే మన బరంపురంలోనే జిల్లా కన్స్యూమర్ కమిషన్, దానికి రెండేళ్ళ గడువు.

మెయిల్ రాశాక ఏజెంట్‌కి కాకుండా నేరుగా కంపెనీ ఆఫీసుకే పంపండి మాస్టారూ, జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి, గడువు దగ్గరపడే వరకూ మాత్రం ఆగకుండా ఈ వారంలోనే పంపేయండి.