రోడ్డు గురించి కవిత రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కవిత చదివా. బాలేదని అనను గానీ ముళ్లబాట, పూలబాట, గమ్యం, పయనం అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి, రోడ్డు మాత్రం ఎక్కడా కనబడలేదు. జీవితం ఒక ప్రయాణం అని చెప్పడానికి నువ్వే కావాలా చెప్పు, లారీల వెనకాల ఎప్పుడో రాసేశారు.

ముందు తారు వేస్తున్న చోటికి వెళ్లి కాసేపు నిలబడు. ప్లాంట్‌లో కంకరా తారూ కలిపేటప్పుడే 150 డిగ్రీల దాకా వేడి ఉంటుంది, టిప్పర్ లోంచి గుమ్మరించగానే పొగ లేస్తుంది, అది చల్లారేలోపే పరిచేసి రోలర్ తిప్పేయాలి, అందుకే అక్కడ ఎవరూ నింపాదిగా మాట్లాడరు, అంతా అరుపులే. రోలర్ చక్రానికి తారు అంటుకోకుండా పైనుంచి నీళ్లు కారుతూ ఉంటాయి చూడు, అవి కింద పడగానే చుయ్‌మంటాయి. ఆ చప్పుడొకటి నీ కవితలో పడిందనుకో, నేను నమ్ముతా నువ్వు రోడ్డు చూశావని.

చరిత్ర కావాలన్నావు. "అశోకుడు రోడ్డుకిరువైపులా చెట్లు నాటించెను" అని అందరం బట్టీ కొట్టి వదిలేసిందే కదా. ఆయన ఏడో స్తంభ శాసనం చదువు ఓసారి, మర్రిచెట్లు నాటించా, పశువులకీ మనుషులకీ నీడ ఉంటుంది అంటాడు, పశువుల్నే ముందు చెప్పాడు గమనించు. అంతా చెప్పి, ఇదేమంత గొప్ప కాదు, నాకు ముందు రాజులు కూడా చేశారు అనేస్తాడు! రాజుగారు అలా అనడం నాకు భలే నచ్చుతుంది.

అలాగని రోడ్డంటే నీడా చల్లదనమే అనుకోకు. రోమన్లు క్రీ.పూ. 312లో అప్పియన్ రోడ్డు మొదలుపెట్టింది సైన్యం తొందరగా కదలాలని, క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణిచేశాక దొరికిన ఆరు వేల మందిని కాపువా నుంచి రోమ్ దాకా ఆ రోడ్డు పొడుగునా శిలువ వేశారు, వచ్చేపోయేవాళ్లు చూడాలనే అక్కడ. దక్షిణ అమెరికాలో ఇన్కా సామ్రాజ్యం వాళ్ల రోడ్లు మరో రకం, వాళ్లకి చక్రాల బండ్లే లేవు, మనుషులూ, లామాలనే బరువులు మోసే జంతువులూ నడవడానికే కాబట్టి కొండ నిటారుగా ఉన్నచోట ఏకంగా మెట్లే కట్టేశారు. ఏ రోడ్డు గురించి రాసినా ఇది ఎవరి కోసం వేశారు, దీని మీద ఎవరికి భయం అని అడుగు, సగం కవిత అక్కడే దొరుకుతుంది.

ఇక కవిత్వం. శాతవాహన రాజు హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిలో ఓ బాటసారి ఉంటాడు, చలివేంద్రం దగ్గర దోసిలి పట్టి, నీళ్లు పోసే అమ్మాయినే తలెత్తి చూస్తూ వేళ్లు కాస్త ఎడం చేస్తాడు, నీళ్లు కారిపోతే ఎక్కువసేపు తాగొచ్చని. ఆ అమ్మాయేం తక్కువ తిందా, సన్నటి ధారని ఇంకా సన్నం చేస్తుంది. అంతే, దారి గురించి వర్ణన లేదు, కానీ ఎండా దూరం దాహం అన్నీ వచ్చేశాయి, రెండు పాదాల్లో. నా మాట విని దీన్ని కాపీ రాసుకుని ఎదురుగా పెట్టుకో.

అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రెండు దారుల కవిత కూడా నువ్వు తలుచుకున్నావు, ఎవరూ నడవని దారే గొప్ప అన్నట్టు. మళ్లీ చదువు, ఆ రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగాయని అందులోనే ఉంది, తేడా అంతా తర్వాత ఎప్పుడో చెప్పుకునే కథలో వస్తుంది. సగం మంది ఆ లైన్ దాటేస్తారు.

సరే, ఈసారి పంపేటప్పుడు టైప్ చేసి పంపు, చేతిరాత ఫోటోలు వద్దు, నా కళ్లు సహకరించట్లేదు. పది లైన్లయినా పర్లేదు.