ఎత్తు పెంచిన జీపుకు యాంటీ రోల్ బార్లు ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి పల్లె. మా జీపు ఎత్తును 2 అంగుళాలు పెంచాము. లంక పొలాల్లోకి వెళ్లేటప్పుడు చక్రాలు బాగా ఆడాలంటే యాంటీ రోల్ బార్లు తీసేయమని మెకానిక్ అంటున్నారు. తీసేయవచ్చా?

జవాబు: తీసేయవద్దు. యాంటీ రోల్ బార్ అనే ఆ కడ్డీ ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ, మలుపులో బండి ఒరిగినప్పుడు మెలితిరిగి ఆ ఒరుగును అడ్డుకుంటుంది; రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు దానికి పని ఉండదు. ఎత్తు పెంచడంతో మీ బండి గరిమనాభి (బరువు కేంద్రం) పైకి చేరింది కనుక, ఇప్పుడు కడ్డీ అవసరం మునుపటి కంటే ఎక్కువ. కాలువగట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చి, మీరు స్టీరింగును ఒక్కసారిగా అటూ ఇటూ తిప్పవలసి వస్తే, పక్కనే కాలువ నిండుగా పారే ఆ సన్నని దారిలో బండి ఎంత ఒరుగుతుందో ఆలోచించండి. నాకు భయం కలిగించేది అదే.

రాళ్లూ గోతులూ ఉన్న కొండదారిలో కడ్డీ చక్రాన్ని పూర్తిగా కిందికి దిగనివ్వదన్నది నిజమే. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు కడ్డీని బటన్‌తో విడదీసే ఏర్పాటు అందుకే ఉంది. మన లంకల్లో ఉన్నది ఇసుక. అక్కడ కావలసింది టైర్లలో గాలి తగ్గించడం, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపడం.

ఒకసారి వంగి, కడ్డీ కొసలను చక్రాల వైపు కలిపే లింకులను చూడండి. ఎత్తు పెంచాక అవి పక్కకు వాలి, రబ్బరు బుష్ ఒక వైపే నలిగి, గతుకుల్లో టకటకమంటూ ఉంటే, పొడవైన లింకులు వేయించండి. ముందు కడ్డీ మాత్రమే తీసి వెనుక కడ్డీ ఉంచడం మరీ ప్రమాదం: మలుపులో వెనుక భాగం జారే స్వభావం పెరుగుతుంది.