అగ్గి తెగులు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. అగ్గి తెగులు మీద రాయాలనుకోవడం మంచి ఆలోచన. వరి పండించే ఊళ్ళలో ఆ పేరు వినని రైతు ఉండడు. అయినా అది ఆకు లోపలికి ఎలా దూరుతుందో రైతుకు అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు తక్కువ. నువ్వు చెప్పగలవని నాకు నమ్మకం. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నువ్వు మచ్చతో మొదలుపెట్టావు. నూలు కండె ఆకారం, మధ్యలో బూడిద రంగు, అంచున ముదురు గోధుమ రంగు. వర్ణనలో తప్పేమీ లేదు. కానీ మచ్చ కంటపడేసరికి ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం సిద్ధబీజం, అంటే దానికి విత్తనం లాంటిది, ఆకు మీద వాలి నాలుగైదు రోజులవుతుంది. నీ వ్యాసానికి ప్రాణం ఆ నాలుగైదు రోజుల్లోనే ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టు.

మొదటి రాత్రిని తొందరపడకుండా చెప్పు. గాలికి ఎగిరొచ్చిన సిద్ధబీజం కంటికి ఆనదు. దానికి మూడు గదులు, ఒక కొన సన్నగా ఉంటుంది. మంచు తడి తగలగానే ఆ కొన నుంచి జిగురు వచ్చి ఆకుకు అతుక్కుపోతుంది. కొద్ది గంటల్లోనే మొలకెత్తి సన్నటి నాళం వేస్తుంది. కింద ఉన్నది గట్టి పొర, నీరు అంటని పొర అని పసిగట్టాక నాళం కొస ఉబ్బి గుండ్రటి బుడిపె అవుతుంది. బుడిపె గోడకు మెలనిన్ అనే నల్ల పూత పడుతుంది. లోపల గ్లిసరాల్ అనే పదార్థం పోగుపడి నీటిని లాక్కుంటుంది. నీళ్ళు లోపలికి వస్తాయి, గ్లిసరాల్ మాత్రం ఆ పూత దాటి బయటికి పోలేదు. దాంతో ఒత్తిడి పెరిగి పెరిగి 8 మెగాపాస్కల్ దాకా వెళ్తుంది. ఈ అంకె ఒక్కటే రాస్తే ఎవరి బుర్రకీ ఎక్కదు. కారు టైరులో గాలికి 30 రెట్లకు పైనే అని రాయి, చాలు. ఆ ఒత్తిడంతా బుడిపె అడుగున పుట్టే ఒక సన్నటి మేకు మీద పడుతుంది, అది ఆకు పైపొరను పొడుచుకుని దిగిపోతుంది. ఈ ఒత్తిడిని లెక్కగట్టిన పరిశోధన 1991లో వచ్చింది. ప్రయోగశాలలో ప్లాస్టిక్ పొర మీద పెట్టినా ఈ శిలీంధ్రం దాన్ని గుచ్చేసింది. ఈలోగా సిద్ధబీజంలోని సరుకంతా బుడిపెలోకి చేరి, ఆ మూడు గదులూ చచ్చిపోతాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది ఆశ్చర్యమే. నీ పాఠకుడికీ ఆ ఆశ్చర్యం దక్కాలి.

లోపలికి వెళ్ళాక అది వెంటనే చంపదు. మొదట్లో బతికున్న కణంలోనే ఉండి, మొక్క ఎదురుతిరగకుండా చూసుకుంటూ, కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నటి దారుల గుండా పక్క కణంలోకి పాకుతుంది. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది. కణాలు చావడం మొదలయ్యాకే మచ్చ తేలుతుంది. తేమగా ఉన్న రాత్రి ఒక్క మచ్చ నుంచే వేల సిద్ధబీజాలు బయటికొస్తాయి. నాలుగు మచ్చలు చూసి ఊరుకున్న మడి కొన్నాళ్ళకే తగలబడ్డట్టు కావడానికి కారణం ఇదే.

ఈ వరస ఎందుకు ముఖ్యమో నీ చివరి పేరాలోనే తెలుస్తుంది. "లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు" అని రాసి వదిలేశావు. డోసు సరైనదే, అది ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు. ఆ మందు మెలనిన్ తయారవకుండా ఆపుతుంది. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. అప్పటికే లోపల పాతుకుపోయిన శిలీంధ్రం మీద దాని ప్రభావం తక్కువ. మచ్చలు ముదిరాక కొట్టిన రైతు మందు నకిలీదని షాపులో గొడవ పడతాడు. బుడిపె సంగతి ముందే చదివి ఉంటే, తొలి మచ్చలు కనబడగానే కొట్టమని ఎందుకంటారో ఒకరు చెప్పకుండానే అతనికి తెలిసేది.

"రైతులు విచక్షణ లేకుండా యూరియా చల్లడం వల్ల" అన్న వాక్యం కొట్టెయ్. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది, పైరు గుబురెక్కుతుంది, మంచు తడి ఆరడానికి ఆలస్యమవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండి, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే శిలీంధ్రానికి కావలసినవన్నీ అమరినట్టే. ఆ కారణం రాయి. నింద ఎందుకు? సాంబ మసూరి, అదే బీపీటీ 5204, అగ్గి తెగులుకు తట్టుకోదని వేసే రైతుకు తెలుసు. సన్నబియ్యానికి గిరాకీ ఉంది కాబట్టి తెలిసే వేస్తాడు. ఆ గుంజాటన ఏమిటో అతన్ని అడిగి రాయి.

మెడవిరుపుకు, అంటే వరి కంకి మెడకు పట్టే అగ్గి తెగులుకు, రెండు వాక్యాలే ఇచ్చావు, అక్కడ ఇంకాస్త ఆగాలి. ఆకు మచ్చల నుంచి పైరు కోలుకోవచ్చు. వెన్ను, అదే కంకి, మెడకు తెగులు పట్టి గింజకు పాలు అందకపోతే మిగిలేది తాలే. పైగా దూరం నుంచి చూస్తే కాండం తొలిచే పురుగు వల్ల వచ్చే తెల్లకంకీ అలాగే కనిపిస్తుంది. చేలోకి దిగి ఒక వెన్ను పట్టుకుని లాగి చూడు. పురుగు పనైతే సులువుగా ఊడొస్తుంది, అడుగున కొరికిన గుర్తు ఉంటుంది. మెడవిరుపైతే మెడ దగ్గర నల్లగా కమిలి, అక్కడే విరుగుతుంది. దీన్ని ఇంత వివరంగా రాస్తే పురుగు మందు డబ్బులు ఎవరికో ఒకరికి మిగులుతాయి.

ఇంకొకటి. నువ్వు పంపిన రెండో ఫొటో అగ్గి తెగులుది కాదు. నువ్వుల గింజల్లాంటి ఆ గుండ్రటి మచ్చలు గోధుమ రంగు మచ్చ తెగులువి, ఆ శిలీంధ్రం వేరు. 1942లో బెంగాల్ వరిని దెబ్బతీసింది అదే. మరుసటి ఏడు వచ్చిన కరువుకు చెప్పే కారణాల్లో, యుద్ధంతో పాటు, ధరలతో పాటు, ఆనాటి ప్రభుత్వ తీరుతో పాటు దాని పేరూ వినిపిస్తుంది. అది వేరే వ్యాసం, తీరిగ్గా రాద్దువు.

ముందు దీన్ని తిరగరాసి పంపు. పత్రికకు ఇచ్చేలోపు వరి వేసే ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించు, వాళ్ళు మధ్యలో ఆపి అడిగిన చోటల్లా గుర్తు పెట్టుకో. ఫొటో మార్చడం మరిచిపోకు.

ఆశీస్సులతో.