సెక్యూరిటీ పాలసీ చదవడానికి డీసీ వస్తున్న చెల్లికి

గుంటూరు నుంచి ఒక చెల్లి అడిగింది, "అక్కా, వాషింగ్టన్ డీసీలో ఇంటర్నేషనల్ సెక్యూరిటీ (దేశాల భద్రత, రక్షణ విధానాల చదువు) మాస్టర్స్‌కి సీటొచ్చింది, ఇంట్లో వాళ్లేమో అందరిలా కంప్యూటర్స్ చెయ్యొచ్చుగా అంటున్నారు, ఈ లైన్లో ఉద్యోగాలుంటాయా?" అని. ఉంటాయమ్మా, కానీ ఎవరికి ఉంటాయో తెలుసుకుని రా. నేను తెలుసుకోకుండా వచ్చా.

మొదటి సెమిస్టర్లో కెరీర్ ఫెయిర్‌కి వెళ్లి ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ స్టాల్ దగ్గర అరగంట లైన్లో నిలబడ్డా. స్టాల్లో ఉన్నావిడ నా రెజ్యూమె పైనుంచి కిందదాకా చదివి, చాలా బావుంది అని, "యూఎస్ సిటిజనేనా?" అంది. కాదన్నా. రెజ్యూమె నలగకుండా నా చేతికే తిరిగిచ్చి, పైన ఒక పెన్ను ఇచ్చింది. పెన్ను మాత్రం చాన్నాళ్లు రాసింది.

సంగతేంటంటే ఇక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడ్డానికిచ్చే అనుమతి, సిటిజన్లకే, గ్రీన్ కార్డున్నా చాలదు. స్టేట్ డిపార్ట్‌మెంట్, పెంటగాన్, వాటి చుట్టూ ఉన్న కాంట్రాక్టర్లు, దాదాపు అన్నీ ఆ గేటు లోపలే. మన ఇండియావాళ్ల గ్రీన్ కార్డు క్యూ ఎంతుందో తెలిసిందేగా, అదొచ్చాక మామూలుగా ఇంకో ఐదేళ్లు ఆగాలి సిటిజన్‌షిప్‌కి. అప్పటికి నీ పిల్లలు కాలేజీకెళ్తారు.

మరి మనకి మిగిలేవి? థింక్ ట్యాంకులు (విధానాల మీద రీసెర్చ్ చేసే సంస్థలు), యూనివర్సిటీ రీసెర్చ్ సెంటర్లు, వియన్నాలో ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) లాంటివి, ఇంకోటి బ్యాంకుల్లో శాంక్షన్స్ పని, అంటే ఆంక్షలున్న దేశాలు, కంపెనీల డబ్బు బ్యాంకులోకి రాకుండా చూడటం. నేను తేలింది అక్కడే. ఎవరూ క్లాసులో దీని గురించి గొప్పగా చెప్పరు గానీ పని భలే ఉంటుంది. ఒక ఆయిల్ ట్యాంకర్ పేరు మార్చుకుంటుంది, జెండా మార్చుకుంటుంది, ఓనర్ కంపెనీ ఇంకో దేశంలో పుడుతుంది, కానీ ఓడ గుర్తింపు కోసం ఇచ్చే దాని ఏడంకెల ఐఎంఓ నంబర్ మారదు, దాన్ని పట్టుకుని తీగ లాగుతూ పోతే డొంకంతా కదుల్తుంది. 2022లో రష్యా యుద్ధం మొదలయ్యాక మాకు శనాదివారాలు కూడా లేవు.

వచ్చేముందు ఒక్క పని చెయ్యి. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం) మీద కోర్సు పక్కన కోర్సు ఏ సబ్జెక్టు కిందకొస్తుందో చెప్పే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉందో లేదో చూడు. లేకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి, ఏడాదే, ఉంటే ఇంకో రెండేళ్లు. కోర్సు పేర్లు చూస్తే ఒకేలా ఉంటాయి, కోడ్‌లు వేరు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. లాభాపేక్ష లేని రీసెర్చ్ సంస్థల్లో కొన్నింటికి హెచ్-1బీ లాటరీతో పని లేదు, ఇంటర్వ్యూ టైములోనే అడిగేయ్, మొహమాటపడకు.

థీసిస్ సంగతి. క్లాసులో సగంమంది చైనా మీద రాస్తారు, నువ్వు కొవ్వాడ మీద రాయి. నిజంగా అంటున్నా. శ్రీకాకుళం జిల్లాలో వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు పెడతామన్నారు, 2008లో ఇండియా-అమెరికా అణు ఒప్పందం అయింది, 2010లో వచ్చిన లయబిలిటీ (నష్టపరిహారం) చట్టంలో ప్రమాదం జరిగితే రియాక్టర్ సప్లై చేసినవాళ్ల మీదకి కూడా వెళ్లొచ్చన్న క్లాజు దగ్గర అమెరికా కంపెనీలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఆ చట్టం ఇంగ్లీషులో ఎవరైనా చదువుతారు, భూములిచ్చిన ఊళ్లవాళ్లు తెలుగు పేపర్లకి ఏం చెప్పారో ఇక్కడ ఎంతమంది చదవగలరు? కడప తుమ్మలపల్లె యురేనియం గని కూడా అంతే. స్టిమ్సన్ సెంటర్ అనే థింక్ ట్యాంక్ వాళ్ల సౌత్ ఏషియన్ వాయిసెస్ వెబ్సైట్‌లో కుర్రవాళ్ల వ్యాసాలు వేస్తారు, అక్కడ మొదలుపెట్టు.

డూపాంట్ సర్కిల్ మెట్రో దిగితే మసాచుసెట్స్ అవెన్యూలో బ్రూకింగ్స్, కార్నెగీ అనే థింక్ ట్యాంకులు పక్కపక్కనే, పబ్లిక్ మీటింగులు చాలావరకు ఫ్రీ. భోజనం పెడితే వెజ్ శాండ్‌విచ్‌లు ముందే అయిపోతాయి, త్వరగా వెళ్లు. ఒక ప్రశ్న రాసుకుని వెళ్లి అడుగు, అయిపోయాక ఆ స్పీకర్‌కి రెండు లైన్ల మెయిల్ కొట్టు. నా మొదటి ఇంటర్న్‌షిప్ అలా వచ్చిందే.

న్యూక్లియర్ వైపు ఇష్టముంటే ఐఏఈఏలో మేరీ క్యూరీ ఫెలోషిప్ ఉంది, 2020లో పెట్టారు, మాస్టర్స్ చేసే అమ్మాయిలకే, నాన్-ప్రొలిఫరేషన్ (అణ్వాయుధాలు వ్యాపించకుండా చూడటం) చదివేవాళ్లు కూడా అప్లై చేయొచ్చు.

అప్పు మాత్రం నలభై లక్షలు చేసి రావద్దు. స్కాలర్‌షిప్ రాకపోతే ఒక ఏడాది ఆగు, అమ్మానాన్నలకి నేను చెప్తాలే కావాలంటే. ముందు ఆ కోడ్ చూసి నాకు చెప్పు.