డాక్టర్ సలహా: గింజ ముక్కున పట్టి వదిలేస్తోంది... మా పెట్టకు ఏమైంది?

ప్రశ్న: మాది గుంటూరు. డాబా మీద ఐదు నాటుకోళ్లు పెంచుతున్నాం. వాటిలో ఐదు నెలల పెట్ట ఒకటి నాలుగు రోజులుగా తినడం లేదు. గింజల దగ్గరికి వస్తుంది, ముక్కుతో పట్టుకుని వదిలేస్తుంది. మెడ కింద ఉబ్బినట్టుంది. రెట్ట ఆకుపచ్చగా పడుతోంది. ఇంకా గుడ్డుకు రాలేదు. మిగతావి బాగానే ఉన్నాయి. ఇది కొక్కెర తెగులేనని (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు), టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం మాత్ర విప్పి నీళ్లలో కలపమని పక్కింటివాళ్లు అంటున్నారు. వెల్లుల్లి, మిర్చి కలిపి ముద్ద పెట్టాం, గుణం కనిపించలేదు. మేత నూకలు, మిగిలిన అన్నం, షాపులో కొన్న లేయర్ దాణా. గూట్లో వరిగడ్డి పరిచాం. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: టెట్రాసైక్లిన్ ఇంకా వేయకపోతే వేయకండి. ముందు పెట్టను చేతుల్లోకి తీసుకుని చూడాలి.

ఈ రాత్రి గూట్లో మేత లేకుండా చేసి, నీళ్లు మాత్రం ఉంచండి. తెల్లవారగానే మెడ మొదట్లో, రొమ్ముకు కాస్త కుడివైపున ఉండే మేత సంచిని వేళ్లతో తడమండి. ఆరోగ్యంగా ఉన్న కోడికి ముందు రోజు తిన్నదంతా రాత్రిలో దిగిపోయి, పొద్దున ఆ సంచి ఖాళీగా, మెత్తగా ఉంటుంది. గట్టిగా, పిండి ముద్దలా తగిలితే మేత అడ్డుపడినట్టు. నీళ్ల సంచిలా జారుతూ, నోటి నుంచి పుల్లటి వాసన వస్తుంటే లోపల మేత పులిసినట్టు. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం మొదటిదాని మీదే ఉంది. గూట్లో పరిచిన వరిగడ్డిని కోళ్లు పోచలు పోచలుగా మింగుతాయి. డాబా మీద ఇసుక, సన్న రాళ్లు దొరకవు కాబట్టి కందనకాయ ఆ పోచలను నలగ్గొట్టలేదు.

ఆకుపచ్చ రెట్ట చూసి భయపడ్డారు కదా. తిండి లేని కోడి పేగుల్లో పైత్యరసం తప్ప ఏమీ ఉండదు, అందుకే రెట్ట పచ్చగా పడుతుంది. కొక్కెర తెగులులోనూ పచ్చ రెట్ట ఉంటుంది. కానీ దానితోపాటు నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరిగిపోవడం కనిపిస్తాయి. పైగా అది ఒక్క కోడితో ఆగదు, కొద్ది రోజుల్లోనే పక్కవాటికీ అంటుకుంటుంది. మీ మిగతా నాలుగూ గింజలు ఏరుకుంటున్నాయంటే ఆ అనుమానం బాగా తగ్గినట్టే. అయినా ఈ పెట్టను వేరే గంపలో, విడిగా ఉంచండి.

గింజ పట్టి వదిలేస్తోందన్నారు కాబట్టి నోరు తప్పక చూడాలి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ముక్కు తెరిచి టార్చి వేయండి. నాలుక కింద, గొంతు దగ్గర పసుపు పచ్చటి పొక్కులు కనిపిస్తే మశూచి గానీ, నోటి పూత గానీ కావచ్చు. వాటిని గీకకండి, ఊపిరి గొట్టానికి అడ్డుపడుతుంది. రెట్టలో రక్తం ఉంటే కాక్సిడియోసిస్ (పేగుల్లో చేరే కంటికి కనపడని పరాన్నజీవుల జబ్బు) కావచ్చు. దానికి ఆంప్రోలియం అనే మందు ఉంది, మోతాదు మాత్రం పశువైద్యులే చెప్పాలి. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటే నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలితే జబ్బు నాలుగు రోజులది కాదు, పురుగులు చాలాకాలంగా ఉన్నాయేమో చూడాలి.

సంచి గట్టిగా ఉంటే డ్రాపర్‌తో ముక్కు పక్క నుంచి మూడు నాలుగు మిల్లీలీటర్ల కొబ్బరి నూనె చుక్కచుక్కగా పోసి, వేళ్లతో సుతారంగా మర్దన చేయండి. రోజుకు మూడుసార్లు. గింజలు ఆపి, నీళ్లు మాత్రం ఇవ్వండి. తలకిందులుగా పట్టుకుని కక్కించే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కోడి చేతుల్లోనే పోతుంది. ఒకటి రెండు రోజుల్లో దిగకపోతే పశువైద్యులు చర్మం కోసి ముద్ద తీసి కుట్టేస్తారు. పెద్ద ఆపరేషనేమీ కాదు.

మిర్చి ముద్ద గురించి ఒక మాట. గుంటూరు కారం కోడికి తెలియదు, పక్షుల నోటికి ఆ ఘాటు తగలదు. అందుకే మేలూ కనిపించలేదు, కీడూ కనిపించలేదు. టెట్రాసైక్లిన్ సంగతి వేరు. అడ్డుపడిన గడ్డిని అది కరిగించదు సరే, పేగుల్లో మంచి సూక్ష్మజీవులను చంపి పులుపును ఇంకా పెంచుతుంది.

అసలు మార్చుకోవాల్సింది మేత. గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసే లేయర్ దాణాలో సుమారు 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది, గుడ్డు పెట్టని పెట్టకు 1 శాతం చాలు. మిగిలింది మూత్రపిండాలకు భారమే. మొదటి గుడ్డు కనిపించేదాకా ఎదిగే కోళ్లకు పెట్టే గ్రోయర్ దాణా పెట్టండి. నూకలు, అన్నం రోజూ కడుపు నింపుతాయి గానీ వాటిలో మాంసకృత్తులు చాలవు. వేరుశనగ చెక్క కొంచెం కలపొచ్చు, బూజు వాసన ఉంటే మాత్రం పారేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని తింటుంది. గూట్లో వరిగడ్డికి బదులు వరి ఊక పరచండి, ఓ మూల చిన్న పళ్లెంలో సన్న ఇసుక రాళ్లు ఉంచండి.

రెండో కోడి నీరసించినా, ఊపిరికి ఇబ్బంది పడినా, తల మీది ఎర్ర జుట్టు నీలంగా మారినా ఆగకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి మరచిపోవద్దు. హఠాత్తుగా చచ్చిన కోడిని కోయకండి, చేతులకు కవరు తొడుక్కుని పక్కన పెట్టి సమాచారం ఇవ్వండి. ఈ పెట్ట తేరుకున్నాక మీ ఐదింటికీ కొక్కెర టీకా పడిందో లేదో ఆసుపత్రిలో చెప్పి కనుక్కోండి. 8 వారాల వయసులో రెక్క కింద వేసే ఆ ఇంజెక్షన్ డాబా కోళ్లకు వేయించేవాళ్లు చాలా తక్కువ.