నీళ్ల పైపు అలవాటైన చేతికి గ్యాస్ పైపు నేర్పడం

తమ్ముడికి,

ప్లంబింగ్ చేస్తున్న కుర్రాళ్లకు ఏసీ, ఫ్రిజ్ పని నేర్పబోతున్నానని రాశావు. వాళ్లకు పైపు కొత్త కాదు. చిక్కంతా అక్కడే వస్తుంది. నీళ్ల లైను లీకయితే కాసేపటికే గోడ తడిసి తప్పు బయటపడుతుంది. ఏసీని చల్లబరిచే గ్యాస్ తిరిగే లైనులో తప్పు చేసినా ఆ రోజు ఏసీ చల్లగానే వీస్తుంది. కొన్ని నెలలకు కంప్రెసర్ పోయాక అది ఎవరి చేతి తప్పో ఎవరూ చెప్పలేరు. లోపల దాగే ఆ తప్పును కుర్రాడి కళ్ల ముందు పెట్టగలిగితే సగం నేర్పినట్టే. అందుకు బాగా పనికొచ్చేది హాక్సా. పైపు కోయడానికి కాదు సుమా, వాళ్లు చేసిన జాయింట్లను నిలువునా చీల్చి చూపించడానికి.

మొదటి వారం గేజులు చేతికివ్వకు. మెత్తటి కాపర్ పైపు, కట్టర్, కోసిన అంచు గరుకు తీసే రీమర్, పైపు మూతిని గరాటులా విచ్చే ఫ్లేరింగ్ టూలు చాలు. కట్టర్‌ను ఒక చుట్టు తిప్పాక పావు మలుపే బిగించాలి. తొందరపడితే పైపు నొక్కుకుపోయి అంచు లోపలికి ముడుచుకుంటుంది. రీమర్ పట్టేటప్పుడు పైపు మూతి నేలవైపు ఉండాలి, లేకపోతే రజను లోపలికి జారుతుంది. నట్టు ఎక్కించకుండా ఫ్లేర్ చేసేయడం ప్రతివాడూ చేసే పనే. తిట్టకు, ఆ ముక్క కోయించి మళ్లీ చేయించు. మూడోసారికి వాడే గుర్తుపెట్టుకుంటాడు.

తర్వాత టెఫ్లాన్ టేపు కోసం జేబులో చెయ్యి పెడతారు. అక్కడే ఆపు. ఫ్లేర్ జాయింటులో గ్యాస్‌ను ఆపేది మర కాదు, 45 డిగ్రీల కాపర్ పెదవి ఇత్తడి ముఖానికి అతుక్కునే చోటు. ఆ సిస్టమ్‌లో వాడే ఆయిల్ ఒక చుక్క పెదవికి రాసి, చేత్తో తిరిగినంత తిప్పి, రెండు స్పానర్లతో బిగించాలి. ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి తిప్పడానికి. కంపెనీ పట్టిక ఉంటే అదే చూడాలి. లేనప్పుడు 6.35 మిల్లీమీటర్ల పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 9.52కు 33 నుంచి 42 అని గుర్తు. బలవంతుడైన కుర్రాడి మీద ఒక కన్నేసి ఉంచు. వాడు బిగించిన పెదవి పలచబడి, అదురుకు తర్వాతెప్పుడో చీలుతుంది.

ఇక బ్రేజింగ్, అంటే కడ్డీ కరిగించి పైపులు అతికించడం, మనవాళ్లు వెల్డింగ్ అనే పని. ప్రతి కుర్రాడితో రెండు జాయింట్లు చేయించు, ఒకటి లోపల నైట్రోజన్ పారుతుండగా, ఒకటి ఊరికే. రెండింటినీ చీల్చి పక్కపక్కన పెట్టు. నైట్రోజన్ లేని దాంట్లో నల్లటి పొక్కు కట్టి ఉంటుంది. అదే రాలి, ఆయిల్‌తో పాటు తిరిగి, సన్నటి క్యాపిలరీ గొట్టం మూతి దగ్గరో, గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జాలీలోనో ఇరుక్కుంటుంది. నైట్రోజన్ నిమిషానికి రెండు మూడు లీటర్లు చాలు, చెంపకు తగిలీ తగలనట్టుండాలి. అవతలి కొస మూసి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి, కరిగిన లోహంలోంచి సూది రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. మంటతో కడ్డీని కరిగించనివ్వకు. పైపు మసక ఎరుపుకు వచ్చాక ఆ వేడికే కడ్డీ కరిగి లోపలికి పాకాలి. కాపర్‌కు కాపర్ అయితే ఫాస్ఫరస్ కలిసిన కడ్డీ, ఫ్లక్స్ అక్కర్లేదు. ఇనుముకు ఆ కడ్డీ పెట్టకూడదు, జాయింటు పెళుసవుతుంది. దానికి వెండి కడ్డీ, ఫ్లక్స్ కావాలి.

ప్రెషర్ టెస్టుకు రెగ్యులేటర్ బిగించిన నైట్రోజన్ తప్ప మరేదీ వద్దు. సిలిండర్ దొరకలేదని ఆక్సిజన్ పెడితే ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ఈ ఒక్క విషయంలో రెండో అవకాశం ఇవ్వకు. ఎంత ఒత్తిడి అన్నది యూనిట్ ప్లేటు చెబుతుంది. 30 డిగ్రీల దగ్గర 400 పీఎస్ఐ నింపి వదిలేస్తే, వాతావరణం 20కి చల్లబడేసరికి లీకు లేకపోయినా సుమారు 14 పీఎస్ఐ తగ్గుతుంది. ఈ లెక్క వాళ్లతోనే కట్టించు. లేకపోతే లేని లీకు కోసం పూటంతా సబ్బు నురగ పూస్తారు.

వ్యాక్యూమ్ ఎందుకో మాటలతో చెబితే ఎక్కదు. వ్యాక్యూమ్‌కు తట్టుకునే గాజు పాత్రలో కొంచెం నీళ్లు పోసి పంపు పెట్టు. మంట లేకుండా నీళ్లు మరుగుతాయి. 25 డిగ్రీల నీళ్లు సుమారు 24,000 మైక్రాన్ల (వ్యాక్యూమ్‌లో మిగిలిన ఒత్తిడిని కొలిచే కొలత) దగ్గరే మరుగుతాయి. పైపులో తేమను ఆరబెట్టేది ఇలాగే. ఆ పాఠంతో పంపు ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. దాన్నీ చూపించి మార్పించు. మామూలు గేజు ముల్లు అడుగుకు దిగిందంటే లోపల ఆరిందని కాదు, మైక్రాన్ గేజు పెట్టాలి, అదీ పంపుకు దూరంగా. 500 కిందికి దిగాక పంపును వేరుచేసి పది నిమిషాలు చూడాలి. ఎక్కి 1,500–2,000 దగ్గర నిలబడితే తేమ ఉంది. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు.

సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు) ప్రెషర్ తగ్గింది, గ్యాస్ వేసేద్దాం అనడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అది పుట్టకముందే తుంచు. ఆర్410ఏ అనే గ్యాస్ ఉన్న ఏసీలో గేజు 118 పీఎస్ఐ చూపిస్తే లోపల గ్యాస్ సుమారు 4 డిగ్రీల దగ్గర మరుగుతోందని అర్థం. సక్షన్ పైపు 11 డిగ్రీలుంటే ఆ రెండింటి తేడా, అంటే సూపర్‌హీట్, 7. ప్రెషర్ తక్కువై సూపర్‌హీట్ కూడా తక్కువుంటే గాలి అందడం లేదు, ఫిల్టర్, కాయిల్ చూడాలి. సూపర్‌హీట్ ఎక్కువై సబ్‌కూలింగ్ (ద్రవంగా మారిన గ్యాస్ ఆ తర్వాత ఇంకెన్ని డిగ్రీలు చల్లబడిందో ఆ లెక్క) తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే చోక్, అంటే దారిలో ఎక్కడో అడ్డుపడింది. శిక్షణ యూనిట్ ఫిల్టర్‌కు అట్ట అడ్డం పెట్టి అంకెలు రాయించు, తర్వాత అట్ట తీసి రాయించు. జబ్బు ముందుగా చెప్పకు.

కరెంటు పని వేరే పాఠం. ప్రస్తుతానికి ఇంతే: కరెంటు దాచుకునే కెపాసిటర్‌ను రెసిస్టర్‌తో ఖాళీ చేయకుండా ఎవడూ ముట్టుకోకూడదు. కంప్రెసర్ మూడు టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ చూపించే జతను వదిలితే మిగిలిన టెర్మినల్ కామన్ అని వాళ్లే పట్టుకోవాలి. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు సంగతి వాళ్లకు చెప్పక్కర్లేదు, నీకంటే బాగా వేస్తారు.

ఆర్32, ఆర్290, ఆర్600ఏ గ్యాస్‌లున్న యూనిట్లను మాత్రం చివరికి ఉంచు. మూడూ మండేవే, మూడూ గాలికంటే బరువై నేల మీద పేరుకుంటాయి. గ్యాస్ తీసి, నైట్రోజన్‌తో కడిగి, తలుపులు తెరిచి, డిటెక్టర్‌ను నేల దగ్గర పెట్టి చూశాకే టార్చ్ వెలగాలి. ఫ్రిజ్ చార్జింగ్ గొట్టాన్ని మంటతో ఊడదీయకుండా కట్టర్‌తోనే కోయించు. మొదటి వారం నేర్పిన ఆ పావు మలుపు చేతికి ఎంత పట్టుబడిందో అక్కడ చూసుకో.

నీ అన్నయ్య